ఎడమచేతి పచ్చదనం

మా నాన్నని క్లబ్బులో అందరూ గడ్డి మాస్టారు అంటారు. ఆయన రిటైరయ్యాక ఆ ఉద్యోగం నాకు వచ్చింది గానీ ఆ పేరు రాలేదు. నేను గడ్డి మాస్టారి అమ్మాయిని, అంతే.

అక్కడ ఆడేది బౌల్స్. బరువైన బంతిని పచ్చిక మీద దొర్లించి, దూరంగా ఉన్న చిన్న తెల్లబంతికి వీలైనంత దగ్గరగా ఆపాలి. చూడ్డానికి తీరుబడి ఆటే. నేల కాస్త గతుకు పడిందా, పెద్దమనుషులు పసిపిల్లల్లా అలుగుతారు. అందుకే నాన్న తన సర్వీసంతా ఆ పచ్చికకి రోజూ నీళ్లు పట్టాడు, నెలనెలా యూరియా చల్లాడు, వానపాములు మట్టికుప్పలు పెట్టకుండా మందు కొట్టాడు. పైకి చిలకపచ్చగా మెరిసేది. నేలలోకి బోలు గొట్టం దించి మట్టి తీస్తే మాత్రం కుళ్లిన పీచు, మురుగు వాసన, గోరంత వేర్లు.

వేసవి మొదట్లో కమిటీ ముందు నిలబడి ఒక్కటే అడిగాను.

"ఈ ఒక్క సీజన్ నాకు వదిలేయండి. యూరియా వద్దు, మందులు వద్దు. నేలకి తూట్లు పొడిచి ఇసుక, చివికిన ఆకుల ఎరువు నింపుతాను. నీళ్లు అరుదుగా పెడతాను గానీ లోతుగా దిగేలా పెడతాను. దాహమేస్తే వేర్లు వాటంతటవే కిందికి పోతాయి. కొన్నాళ్లు పాలిపోయి కనిపిస్తుంది, కంగారు పడకండి."

సెక్రటరీ గారు గడ్డం గోక్కున్నారు. "పోటీల నాటికి బాగుపడకపోతే?"

"నన్ను తీసేయండి."

రోషంలో నాది మా నాన్న పోలికే.

చెప్పినట్టే పచ్చిక పాలిపోయింది. వానపాములు తిరిగొచ్చాయి. పొద్దున్నే వాటి మట్టికుప్పలు ఆరేదాకా ఆగి, పొడవాటి కర్రతో చెదరగొట్టేదాన్ని. సభ్యులు ముఖాలు చిట్లించారు. నాన్నయితే రోజూ వచ్చి కంచె బయట నిలబడి, తన కన్నబిడ్డని ఎవరో పస్తు పెడుతున్నట్టు చూసేవాడు.

"కడుపు మాడ్చి పెంచుతారా ఎవరైనా?" అన్నాడు ఒకరోజు భోజనాల దగ్గర.

"అది గడ్డి నాన్నా, నీ మనవరాలు కాదు."

"నా చేతుల్లో అది ఒక్కరోజు కూడా వాడిపోలేదు."

"దానంతట అది బతికే అవకాశం కూడా ఎప్పుడిచ్చావు?"

ఆయన కంచం ముందునుంచి లేచి వెళ్లిపోయాడు.

పోటీలకి ముందు తనిఖీకి వస్తామని కమిటీ కబురు పెట్టింది. సరిగ్గా అప్పుడే జ్వరం తగిలి మంచాన పడ్డాను. "పడుకోవే, నేను చూసుకుంటా" అన్నాడు నాన్న. పచ్చిక గేటు తాళంచెవి ఇచ్చాను. కన్నతండ్రికి ఇవ్వక ఇంకెవరికిస్తాను?

జ్వరం తగ్గి నేను వెళ్లేసరికి పచ్చిక నిగనిగలాడుతోంది, కమిటీవాళ్లు చుట్టూ మూగి మురిసిపోతున్నారు. "నీ పద్ధతే పద్ధతమ్మా!" అన్నారు సెక్రటరీ గారు. నేను గడ్డి మీదికి వంగాను. ఆ పచ్చదనం అంతటా ఒకేలా లేదు. నెలవంకల్లాంటి చారలు ఒకదాని పక్కన ఒకటి, ప్రతిదీ ఎడమవైపుకి చిక్కనవుతూ ఉన్నాయి. నడుస్తూ గుప్పిళ్లతో ఎరువు చల్లితే అలా పడుతుంది. మా నాన్నది ఎడమచేతి వాటం.

"యూరియా చల్లావా?" ఇంటికి రాగానే తాళంచెవి వెనక్కి తీసుకుని అడిగాను.

"నేనెందుకు చల్లుతానే?" టీవీ మీంచి చూపు తిప్పలేదు.

"నీళ్లు? రోజూ పెట్టావా?"

"గడ్డికి నీళ్లు పెట్టడం కూడా తప్పేనా ఇప్పుడు?"

ఆ తర్వాత ఉక్కపోత మొదలైంది. తేరగా తిని బలిసిన లేత గడ్డి, ఆరని తడి. బూజు తెగులుకి అంతకన్నా ఏం కావాలి? గోధుమరంగు మచ్చలు మొదట నాణేలంత లేచాయి, తర్వాత పళ్లేలంత అయ్యాయి. పోటీలు వేరే క్లబ్బుకి తరలిపోయాయి.

కమిటీ గదికి నాన్నని కూడా పిలిచారు.

"ఈ సహజ పద్ధతుల గోలంతా వినడానికే బాగుంటుంది" అన్నారు సెక్రటరీ గారు. "మాస్టారూ, మీరేమంటారు?"

నాన్న వైపు చూశాను. చెప్తాడనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, "చిన్నపిల్లండీ, దానికేం తెలుసు" అన్నాడు.

నిజం నా నోటిదాకా వచ్చి ఆగింది. అందరి ముందూ కన్నతండ్రిని దోషిగా నిలబెట్టలేకపోయాను. నన్ను చేతకానిదాన్ని చెయ్యడానికి మాత్రం ఆయనకి ఏదీ అడ్డు రాలేదు. నా తాళంచెవి తీసుకుని ఆయన చేతిలో పెట్టారు.

బయటికి వచ్చాక, మచ్చ పడని ఒక మూలలో గొట్టం దించి మట్టి పైకి తీశాను. బెత్తెడు పొడవున తెల్లటి వేర్లు దారాల్లా వేలాడాయి. మధ్యలో ఒక వానపాము మెదులుతోంది. మట్టికి మంచి వాన వాసన. నాన్న వంగి చూశాడు.

"ఇవి ఇంత కిందికి ఎప్పుడు దిగాయే?"

"నువ్వు కంచె బయట ఉన్నన్నాళ్లూ."

 ఆయన ఆ మట్టిని నా చేతిలోంచి తీసుకుని, జాగ్రత్తగా అదే కన్నంలో పెట్టి, కాలితో అదిమాడు. అదిమి, నీళ్ల పైపు విప్పడానికి వెళ్లాడు.