చాంతాడు వదిలిన చేద

నేను ఒక ఇనప చేదను. నా అంచుకి రివెట్లు కొడుతూ, "పదిమంది దాహం తీరుస్తావే" అని దీవించాడు కమ్మరి వీరాచారి. పాపం, మంచివాడు. నన్ను ఎవరు కొంటారో ఆయనకేం తెలుసు? కొన్నాళ్ళు ఒక సత్రంలో బాటసారులకి నీళ్ళు తోడాను. ఆ సత్రం మూతపడ్డాక సముద్రం పక్కనున్న పిచ్చాసుపత్రి నూతికి చేరాను. తెల్లదొరల కాలం అది.

అక్కడ ఆడవాళ్ళ వార్డుకి పెత్తనం అచ్చియ్యమ్మది. ఎవరు ఏడ్చినా, అన్నం వద్దన్నా ఆవిడ "తలంటు" పోయించేది. నూనె ఉండదు, కుంకుడుకాయా ఉండదు. రాతి పలక మీద కూర్చోబెట్టి, నోరు మూతపడేదాకా నెత్తిన చన్నీళ్ళు కుమ్మరించడమే. ఆ నీళ్ళు తోడవలసింది కూడా తోటి రోగులే. తెలివైనవాళ్ళు కనిపెట్టిన వైద్యం మరి!

రోజూ నన్ను చాంతాడుకి కట్టేది సన్యాసమ్మ. మొగుడు పోయాక తనలో తాను మాట్లాడుకుంటోందని మరుదులు తెచ్చి వదిలేసిన మనిషి. నీళ్ళు తోడుతూ నాతో కబుర్లు చెప్పేది. నాతో అంత ప్రేమగా మాట్లాడినవాళ్ళు ఇంకెవరూ లేరు.

ఒక పొద్దున్న పారమ్మ అనే పడుచుపిల్లని పలక మీదికి ఈడ్చుకొచ్చారు. ఒళ్ళు కాలిపోతోంది. జ్వరంలో అమ్మని కేకలేస్తోందని శిక్ష. అంతకుముందు జ్వరంతో తలంటు పోయించుకున్న ఒకామె మళ్ళీ లేవలేదని అక్కడ అందరికీ తెలుసు.

"ఏటే సన్నాసీ, అలా సూస్తన్నావు? తోడు!" అంది అచ్చియ్యమ్మ.

"తోడనమ్మా. ఈ గుంట సచ్చిపోద్ది."

"నీకూ కావాలేటే తలంటు?"

సన్యాసమ్మ నన్ను గట్టు మీద పెట్టుకుని తాపీగా ముడి విప్పింది. "ఎల్లిపోవే తల్లీ" అని నూతిలోకి వదిలేసింది. మునిగిపోతూ నాకు ఒళ్ళు మండిపోయింది. నేనేం చేశానని?

గాలం వేసి నన్ను తీయడానికి మనిషి వచ్చాడు. ఆడవాళ్ళంతా అతన్ని నూతి దగ్గరికి రానివ్వకుండా గట్టు చుట్టూ ఒకరి చేతులొకరు పట్టుకుని కూర్చుండిపోయారు. కర్రలు పడిన చప్పుడు, ఏడుపులు నాకు వినిపించాయి. ఒక్కరూ లేవలేదు. ఆసుపత్రి మొత్తానికి ఆ నుయ్యే దిక్కు. వంటశాలలో ఎసరు పడలేదు. చివరికి పెద్ద డాక్టరు దొరగారి స్నానానికీ నీళ్ళు లేకపోయేసరికి ఆయనకి న్యాయం గుర్తొచ్చింది. స్వయంగా వచ్చి, ఇక తలంటు ఉండదని మాటిచ్చాడు.

పారమ్మ బతికింది. వాళ్ళన్న వచ్చి తీసుకెళ్ళాడని పైన మాటలు వినపడ్డాయి. నూతికి కొత్త చేద వచ్చింది. అది దిగి, నిండి, నన్ను పలకరించకుండానే వెళ్ళిపోయేది. బురదలో నేనొక్కదాన్నే. సన్యాసమ్మ చెయ్యి కోసం ఎంత ఎదురుచూశానో!

ఏళ్ళు గడిచాక పూడిక తీసేవాళ్ళు నన్ను పైకి తెచ్చారు. గట్టు దగ్గర, తల నెరిసిపోయి, సన్యాసమ్మ! ఆమె కోసం ఎవరూ రాలేదన్నమాట. అచ్చియ్యమ్మ తరవాత పెత్తనానికొచ్చిన కొత్తావిడ నన్ను తట్టి చూసి, "గట్టిగానే ఉంది. తలంటు పలక కాడ ఎట్టండి, మళ్ళీ పనికొస్తాది" అంది.

సన్యాసమ్మ మొహం మారిపోయింది. నన్ను ఒళ్ళోకి తీసుకుని, తుప్పు పట్టిన అంచు తడిమింది. ఎవరూ అడ్డుపడేలోగా మళ్ళీ నూతిలో వదిలేసింది.

ఈసారి నాకు కోపం రాలేదు. రోజూ పనయ్యాక ఆమె గట్టు మీంచి వంగి, "ఉన్నావేటే?" అని అడుగుతుంది. బదులు చెప్పడానికి నాకు నోరు లేదు. ఆమె మాటే నూతిలో తిరిగి ఆమెకి వినిపిస్తుంది. కాసేపు విని, వెళ్ళిపోతుంది.