అక్క గొంతున్న కార్డు

తమ్ముడు సర్వర్ మెషీన్ మళ్ళీ ఆన్ చేశాడు. తెర మీద అన్నీ వచ్చాయి గానీ, అక్క గొంతున్న కార్డు మాత్రం రాలేదు.

చూపులేని వాళ్ళ కోసం అక్క పద్నాలుగేళ్ళు పుస్తకాలు చదివి రికార్డు చేసింది. అవన్నీ సర్వర్లో బిగించిన ఆ ఫ్లాష్ కార్డులోనే ఉన్నాయి. నకలు తీద్దామని తమ్ముడు ఏడాదిగా అనుకోవడమే తప్ప తీసింది లేదు. మొన్న వేసవిలో ఆపరేషన్ అయ్యాక అక్కకు మిగిలింది గుసగుసే. మళ్ళీ చదవాలన్నా చదవలేదు.

ఆఫీసు కంప్యూటర్ నత్తనడక నడుస్తోందని పొద్దున్నే సర్వర్లోంచి రెండు ర్యామ్ మెమరీ ముక్కలు పీకి దానికి పెట్టింది అతనే. కార్డుకు సొంత చోటుండగా మెషీన్ మెమరీతో ఏం పని అనుకున్నాడు. ఎనిమిదిలో బడి మానేసినవాడికి ఇంతకన్నా ఏం తెలుస్తుందిలే అంటుంది లోకం. అననీ. అది తనతో ఎప్పుడు మంచిమాట మాట్లాడింది గనక?

"ఏరా, మొహం అలా వేలాడేశావేం?" అక్క గుమ్మంలో నిలబడింది.

"ఏం లేదక్కా."

"అబద్ధమాడితే నీ చెవులు ఎర్రబడతాయిరా."

చెప్పేశాడు. అక్క స్టూలు మీద కూలబడి గుసగుసగా అంది. "అయితే నా గొంతు రెండోసారి పోయిందన్నమాట. మొదటిసారి డాక్టరు, ఈసారి నువ్వు."

అతనికి నవ్వు రాలేదు. తెర మీది అక్షరాలను వేలు పెట్టి కూడబలుక్కున్నాడు. మెమరీ చాలడం లేదని ఉంది. అప్పుడు తట్టింది. వాక్యం వాక్యంగా వెనక్కి వెళ్ళి వినేలా ఉండాలని అక్క పట్టుబట్టడంతో, ప్రతి వాక్యాన్నీ విడిగా కోసి, కార్డును బుల్లిబుల్లి గదులుగా చేసింది తనే. ఏ ముక్క ఏ గదిలో ఉందో తెలిపే పట్టీని ఆ కార్డు మెషీన్ ర్యామ్‌లో పరుచుకుంటుంది. గదులు చిన్నవయ్యేకొద్దీ పట్టీ పెరుగుతుంది. పొద్దున ర్యామ్ పీకేశాక దానికి చోటు చాలక కార్డు లేవలేదు.

"అంటే సామాను దాని దగ్గర, ఎక్కడుందో మాత్రం ఇంకొకరి బుర్రలోనా?" అంది అక్క. "అచ్చం నీలాగే. పలక నీ సంచిలోనే ఉండేది, ఎక్కడుందో నన్నడిగేవాడివి."

ఆఫీసులో గుమాస్తా లబోదిబోమంటున్నా వినకుండా ఆ ర్యామ్ ముక్కలు ఊడబెరికి తెచ్చి బిగించాడు. ఆన్ చేశాడు.

కార్డు వచ్చింది.

మొదటి ఫైలు నొక్కాడు. కాగితం తిప్పిన చప్పుడు, ఆపైన గదంతా మోగేలా అక్క పాత గొంతు: "ఒరేయ్, ఆ ఫ్యాను ఆపరా ముందు!"

అక్క కళ్ళు తుడుచుకుంది. "ఇది తీసెయ్యమన్నాను కదరా అప్పుడే."

నకలు తీయడానికి కొత్త డిస్కు కవరు చింపుతూ, తలెత్తకుండానే అన్నాడు.

"కొయ్యబుద్ధి కాలేదక్కా."