ఈ రోజు సరుకు

కొత్త సరుకు దించే ముందు అరలన్నీ ఖాళీ చేయడం ఆనందకుమారి అలవాటు. ఎండు చేపల వ్యాపారంలో పాత నెత్తళ్ళు నాలుగు మూలన మిగిలినా కొత్త గంపకు పురుగు పడుతుంది. ఊడ్చి, కడిగి, ఆరనిచ్చి, ఆ తర్వాతే కొత్తది పరచాలి. కోట ఊళ్ళో ఆమె అంగడి నిలబడింది ఆ అలవాటు మీదే. ఆ పొద్దున అదే అలవాటు ఆమెను ముంచింది.

అంగడికి ఒక వెబ్‌సైటు చేయించింది. చేసిపెట్టిన మాల్యాద్రికి కృష్ణపట్నం పోర్టులో ఉద్యోగం, తీరిక ఉన్నప్పుడు ఈ పని. సైటు ఒకచోట ఉంది. ఆమె ఏడాది కిందట కొనుక్కుని మెయిలుకు వాడుకుంటున్న ఇంటర్నెట్ పేరు, అదే డొమైను, ఇంకోచోట ఉంది. రెంటినీ కలపాలి.

"పేరు కొన్నచోట లోపలికి పోయి, సైటు ఎక్కడుందో చెప్పే రెండు వరుసలు పంపినా, అవి ఎక్కించక్కా. మిగతావి నేను డ్యూటీ దిగినాక చూస్తా," అని ఫోన్లో చెప్పి అతను పోర్టు గేటు దగ్గర సెల్లు అప్పజెప్పి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆమె తెరిచి చూస్తే అక్కడ అప్పటికే ఏవేవో వరుసలున్నాయి. ఎప్పటివో, దేనికో తెలియదు. ఆమె చేయి ఊరుకోలేదు. అన్నీ తుడిచేసి, శుభ్రమైన చోట కొత్తవి రెండూ పెట్టింది. కాసేపటికి భర్త క్రీస్తురాజు సెల్లులో సైటు తెరుచుకుంది. అంగడి వైఫైలో మాత్రం ఇంకా పాత ఖాళీ పేజీయే వస్తోంది.

"నీ సెల్లుకు తెలిసింది, అంగడికి తెలీలేదా?" అంది ఆమె.

"కొత్త అడ్రసు కదా, ఒక్కొక్కరికే తెలుస్తాదిలే," అన్నాడు అతను.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చోబోతుండగా చెన్నై నుంచి ఫోను వచ్చింది. హోటళ్ళకు సరుకు కొనే కంపెనీలో ఆఫీసరు, విజయభాస్కర్. ఇన్నాళ్ళూ అన్నీ మెయిల్లోనే మాట్లాడుకున్నారు. గొంతు వినడం ఇదే మొదలు.

"ఏమ్మా, ఆర్డరు మెయిల్లో పంపితే తిరిగొస్తోంది. అలాంటి అడ్రసే లేదంటోంది. అసలు మీరున్నారా, లేరా?"

"ఉన్నాం సార్. అంగట్లోనే ఉన్నాం. ఫోన్లోనే ఒప్పుకుంటున్నా, రాసుకోండి."

"కుదరదమ్మా. మొన్న ఒకడు ఇట్టాగే వేరేవాళ్ళ పేరు పెట్టుకుని మమ్మల్ని ముంచినాడు. మీ కంపెనీ పేరు మీద జవాబు రాకపోతే మా ఆడిట్ వాళ్ళు ఒప్పుకోరు. సాయంత్రం ఆఫీసు మూసేలోపు రాకుంటే ఆర్డరు వేరేవాళ్ళకు పోతుంది."

ఆ ఆర్డరును నమ్ముకుని ఆమె పడవలవాళ్ళ దగ్గర ఎండు రొయ్యలన్నీ ముందే కొనిపెట్టింది. దళారి లేకుండా చెన్నైకి పోయే మొదటి సరుకు అది. అది తప్పితే ఇన్నాళ్ళూ వద్దనుకున్న దళారుల గుమ్మంలోనే మళ్ళీ బస్తాలు దించాలి. వాళ్ళు చెప్పిందే ధర.

మెయిలు నడిపే కంపెనీకి ఫోను కొట్టింది. "మీ పేరుకు వచ్చే మెయిళ్ళు ఎక్కడికి పోవాలో చెప్పే వరుసలు లేవు మేడమ్. ఎవరో తీసేశారు," అన్నదొక అమ్మాయి.

"ఆ ఎవరో ఇక్కడే ఉండాది," అన్నాడు క్రీస్తురాజు పక్కనుంచి. "అంగడి కడిగినట్టు కడిగేసినావా?"

"నువ్వు నోరు మూసుకో అయ్యా, ముందు ఇది రాసుకోనీ."

అమ్మాయి చెప్పిన వరుసలు తిరిగి ఎక్కించింది. ఎప్పటికి పనిచేస్తుందంటే, "రేపటిదాకా పట్టొచ్చు మేడమ్," అంది అమ్మాయి. మాల్యాద్రికి ఫోను చేస్తే మోగుతూనే ఉంది, గేటు దగ్గర డబ్బాలో.

బయట ఎండ అరుగు దిగుతోంది. ఆనందకుమారి అన్నం పక్కకు నెట్టి లెక్క చూసుకుంది. పోయిందేమిటి? మెయిలు. ఉన్నదేమిటి? పేరు. పేరు మీద ఏముంది? సైటు. సైటులో తన చేతికి అందేది ఏముంది? 'ఈ రోజు సరుకు' అని ఒక్క వరుస. ఏ రోజుకారోజు మార్చుకోవడం మాల్యాద్రి నేర్పించాడు. తండ్రి కాలంలో బేరాలు తుండుగుడ్డ కింద జరిగేవి. పైన జనం చూస్తున్నా, లోపల వేళ్ళ మాట ఇద్దరికే తెలిసేది.

చెన్నైకి ఫోను చేసింది.

"సార్, ఎవరి ఊహకూ అందని మాట ఒకటి మీరే చెప్పండి. అది మా కంపెనీ పేరు మీద కనపడితే నేనే అని నమ్ముతారా?"

"మాది బిట్రగుంట రైల్వే కాలనీ. ఆ పేరు పెట్టండి, చూస్తా. కానీ త్వరగా. నా పైవాళ్ళు లేస్తున్నారు."

చెమట వేళ్ళతో రెండుసార్లు తప్పు కొట్టి, మూడోసారి 'ఈ రోజు సరుకు' పక్కన బిట్రగుంట అని పెట్టింది. "చూడండి సార్."

"ఏముందమ్మా? ఖాళీ పేజీ. ఈ ఆటలన్నీ నాకు..."

"ఫోను పెట్టెయ్యొద్దు సార్! ఆఫీసు కంప్యూటర్లో కాదు, మీ సొంత సెల్లులో చూడండి. ఆఫీసు వైఫై తీసేసి చూడండి. పొద్దున మా అంగట్లోనూ ఇదే గోల."

కుర్చీ జరిగిన చప్పుడు. ఎవరో ఆయనను పిలిచారు. ఆయన పలకలేదు.

"ఈ రోజు సరుకు..." అని చదివి, ఆయన గట్టిగా నవ్వాడు. "బిట్రగుంట! సరేనమ్మా. దీన్ని ఫోటో తీసి ఆడిట్‌కు పెడతా. ఆర్డరు మీదే. మెయిలు బాగయినాక కాగితం పంపండి."

ఫోను పెట్టేసి ఆమె అక్కడే బస్తా మీద కూలబడింది. చల్లారిన అన్నం క్రీస్తురాజే తెచ్చి చేతికిచ్చాడు. "అరలు కడుక్కో. వరుసలు మాత్రం మాల్యాద్రికి వదిలెయ్," అన్నాడు.

"వదిలేసినా," అంది ఆమె, ఈసారి ఎదురు చెప్పకుండా.

రెండో ముద్ద నోట్లో పెట్టుకోకముందే మళ్ళీ ఫోను మోగింది. ఎవరో కొత్త ఆవిడ, హైదరాబాదు నుంచి.

"మీ సైటు చూశానండీ. బిట్రగుంట అంటే ఏం చేపండీ? కిలో ఎంత?"

ఆనందకుమారి ముద్ద మింగి, గొంతు సవరించుకుంది.

"అది మొత్తం చెన్నైకి పోయిందమ్మా. మంచి నెత్తళ్ళుండాయి, పంపమంటావా?"