పదకొండు రోజుల చారు

నేను జపాను వెళ్ళడానికి మా అమ్మ వర్ధనమ్మ ఒక్క షరతు మీద ఒప్పుకుంది. జ్యేష్ఠ బహుళ దశమి నాటికి నేను ఇంట్లో ఉండాలి. మా నాన్నగారి ఆబ్దికం పెట్టడానికి పనికొచ్చే మనిషిగా ఉండాలి.

"సముద్రం దాటినందుకు మన పురోహితులు యాజులు గారు ప్రాయశ్చిత్తం చేయిస్తానన్నారు. అది వేరు. నోటి విషయంలో మటుకు జాగ్రత్త నాయనా. మీ నాన్నకి నువ్వొక్కడివే," అంది.

నాన్నగారు పోయి అప్పటికి నాలుగేళ్ళు. నర్సీపట్నం చుట్టుపక్కల ఊళ్ళలో పౌరోహిత్యం చేసి నన్ను విజయనగరంలో బి.ఏ. చదివించారు. మా వంశంలో ఇంగ్లీషు చదువు నాతోనే మొదలు. నాకు బడిలో మేష్టరు ఉద్యోగం వచ్చిన నెలలోనే ఆయన కన్ను మూశారు. ఏడాదికి ఒకసారి ఆ విస్తరి వెయ్యడం తప్ప ఆయనకు నేను చేయగలిగింది ఇంకేమీ లేదు.

ప్రయాణం నా తలపు కాదు, మన్మథరావుది. వాళ్ళ నాన్న మన్యంలో కలప కూపులు వేలంలో పాడుకునే కాంట్రాక్టరు. కొండమీద బూరుగు చెట్లు ఊరికే పోతున్నాయని, వాటితో అగ్గిపుల్లలు చేయాలని, ఆ యంత్రాలు జపానులో చూసి రావాలని మన్మథరావు పట్టుబట్టాడు. రావికమతంలో చెరకు వేసే ఆసామి కొడుకు రమణబాబు ఏ పనీ లేకుండానే బయలుదేరాడు. ముగ్గురం విజయనగరంలో ఒకే గదిలో ఉండి చదువుకున్నవాళ్ళం. ప్యాసయింది నేనొక్కణ్ణే.

"ఆ జపానోళ్ళతోటి ఇంగిలీసు నువ్వు మాటాడు పంతులూ. పెట్టెలు నేను మోయిస్తాను," అన్నాడు మన్మథరావు. ఖర్చంతా వాళ్ళ నాన్నదే.

మన్యంలో పితూరీ అణిగి మూడేళ్ళే అయింది కనుక పాస్‌పోర్టు ఇచ్చే ముందు పోలీసులు మా ముగ్గురి ఇళ్ళకూ వచ్చి తాతల పేర్ల దాకా రాసుకున్నారు. ఎట్టకేలకు 1927 ఫిబ్రవరిలో కలకత్తాలో ఓడ ఎక్కాం. ఓడ మీద నేను పంపు స్టవ్ మీద అన్నం వండుకున్నాను. అమ్మ కట్టిన చింతపండు, కందిపొడి, మాగాయ ముప్పై రోజులు వచ్చాయి. మార్చి చివర కోబే రేవులో దిగేసరికి జాడీ అడుగు కనిపించింది.

అగ్గిపెట్టెల కంపెనీ ఒసాకా దగ్గర ఉంది. మేం దిగిన పూటకూళ్ళ ఇంట్లో గోడలు కర్రా కాగితమూ. నా స్టవ్ చూడగానే ఆ ఇంటి ముసలావిడ మోకాళ్ళ మీద కూర్చుని చేతులు జోడించింది. ఇల్లు అంటుకుంటుందని ఆవిడ భయం. నేను స్టవ్ మళ్ళీ పెట్టెలో పెట్టేశాను. నాలుగు రోజులు తెల్లన్నంలో ఉప్పు కలుపుకు తిన్నాను. చలి ఇంకా తగ్గలేదు. రాత్రిళ్ళు ఆకలికి నిద్ర పట్టేది కాదు.

అయిదో రోజు వంటింట్లోంచి కర్ర మీద చిత్రిక పడుతున్న చప్పుడు వినిపించింది. వెళ్ళి చూశాం. ఆవిడ ఒక చిన్న పెట్టెకు బిగించిన చిత్రిక మీద ముదురు గోధుమరంగు చెక్కను అటూ ఇటూ తోస్తోంది. పల్చగా, చుట్టలు చుట్టుకుని పొట్టు రాలుతోంది. ఆ పొట్టును మరుగుతున్న నీళ్ళలో పోసి, వడకట్టి, ఏవో కూరముక్కలు వేసి, ముగ్గురికీ గిన్నెల్లో పోసింది.

మన్మథరావు ఆ చెక్కను చేతిలోకి తీసుకున్నాడు. రెండు ముక్కల్ని ఒకదానితో ఒకటి కొట్టాడు. ఖంగున మోగాయి. వాసన చూశాడు. గోటితో గీరాడు.

"సెక్కే! మంచి సేవదేరిన గట్టి సెక్క. పొగబెట్టి ఆరబెట్టారు. మన సింతపల్లి పైన ఉండే దేవదారు లాంటి జాతేదో. తాగు పంతులూ, ఒంటికి మంచిది."

రమణబాబు గిన్నె మూతిదాకా తెచ్చుకుని ఆగాడు. "ఏటోరా, నాకైతే ఎండుసేప వాసనొస్తంది."

"నీకు దేన్ని సూసినా సేపే గేపకమొస్తాదిరా. నేను పుట్టింది కలప అడితీలో. కర్రేటో సేపేటో నాకు తెల్దా?"

"తెలీదేటి! ఎఫ్.ఏ. పరీచ్చ కూడా నీకు తెలిసే రాసినావు."

వాళ్ళిద్దరూ నవ్వుకుంటున్నారు. నేను తాగాను. వేడిగా, కమ్మగా కడుపులోకి దిగింది. మన చారుకు దగ్గరి చుట్టం అనిపించింది. ఆ పూట రెండు గిన్నెలు తాగాను. ఆ తర్వాత పదకొండు రోజులు రెండు పూటలా ఆ చారుతోనే అన్నం తిన్నాను.

ఏప్రిల్ రెండో వారంలో కంపెనీ గుమాస్తా నకగావా మమ్మల్ని పువ్వులు చూడడానికి రమ్మన్నాడు. ఆయనకు కొంచెం ఇంగ్లీషు వచ్చు. ఆ వారం ఫ్యాక్టరీలో యంత్రాల దగ్గర ఎవరికీ మనసు నిలవదని ఆయనే చెప్పాడు.

రైలు దిగి ఏటి గట్టు ఎక్కాం. గట్టు పొడుగునా రెండు వరసల చెట్లు. ఒక్క ఆకు లేదు. మొదలు దగ్గర్నుంచి చిటారు దాకా పువ్వే. తెలుపంటే తెలుపు కాదు, ఎరుపంటే ఎరుపు కాదు. పసిపిల్ల అరికాలి రంగు. కింద చాపలు పరుచుకుని సంసారాలకు సంసారాలు కూర్చున్నాయి. ముసలివాళ్ళు చప్పట్లు కొడుతూ పాడుతున్నారు.

"కాయెప్పుడు కాస్తాదట?" అని రమణబాబు అడిగాడు.

నేను ఇంగ్లీషులో అడిగాను. నకగావా నవ్వాడు. ఈ చెట్లకు తినే కాయ రాదన్నాడు.

"కాయ కాయని సెట్టుకి ఇంతమంది జనమా! మా ఊళ్ళో ఐతే కొట్టేసి సెరుకేద్దురు," అన్నాడు రమణబాబు. కానీ తలపాగా తీసి పక్కన పెట్టి, నెత్తిమీద రేకులు పడనిచ్చి, చాలాసేపు కదలకుండా కూర్చున్నాడు.

నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. నర్సీపట్నం బళ్ళో భూగోళం పాఠంలో నేను పిల్లలకు చెప్పే దేశంలో నేనే కూర్చుని ఉన్నాను. నాన్నగారు తుని దాటి వెళ్ళినట్టు నాకు తెలియదు.

గట్టు మీద దుకాణంవాడు వేడి గిన్నెలు తెచ్చాడు. పైన అదే పొట్టు చల్లి ఉంది. ఆవిరికి ఆ పొట్టు ప్రాణమున్నట్టు కదులుతోంది. బడి పిల్లలకు చెప్పడానికి నోటుబుక్కులో రాసుకుందామని, ఈ పొట్టు ఏ చెట్టుదని నకగావాను అడిగాను.

"చెట్టా?" అన్నాడాయన. తర్వాత అరచెయ్యి నిలువుగా పెట్టి, నీళ్ళలో ఈదుతున్నట్టు తిప్పి చూపించాడు. పెద్ద సముద్రపు చేపను కోసి, ఉడికించి, పొగబెట్టి, నెలల తరబడి ఆరబెట్టి, కర్రలా బిగిస్తారట. అది లేకుండా వాళ్ళ దేశంలో చారే లేదట.

గిన్నె కింద పెట్టేశాను. నాకు కలిగింది అసహ్యం కాదు, నిజం చెప్పాలంటే భయం. జ్యేష్ఠ బహుళ దశమి గుర్తొచ్చింది.

మన్మథరావు ముఖం పాలిపోయింది. వాడు తప్పు ఒప్పుకోవడం నేనెన్నడూ చూడలేదు. "నాదేరా తప్పు. కలప తెలుసునన్న పొగరుతో నీ నోట్లో మట్టి కొట్టినాను," అన్నాడు. కాసేపటికి నా భుజం పట్టుకుని, "ఇదిగో, మనం ముగ్గురం నోరు మూసుకుంటే సరి. నర్సీపట్నంలో ఎవడికి తెలుస్తాది?" అన్నాడు. రమణబాబు తల ఊపాడు. ఆ పూట మాత్రం వాడు నన్ను ఎగతాళి చెయ్యలేదు.

మిగిలిన రోజులు మళ్ళీ ఉప్పన్నమే తిన్నాను.

మే నెలాఖరుకు ఇల్లు చేరాను. మూడో రోజున యాజులు గారు వరాహనదిలో స్నానం చేయించి, పంచగవ్యం పోసి, కొత్త జంధ్యం వేశారు. "సముద్రం సంగతి అయిపోయింది. ఇంక నువ్వు శుద్ధుడివి," అన్నారు. అమ్మ నన్ను వంటింటి గడప లోపలికి రానిచ్చి అన్నం పెట్టింది. ఆవిడ అరిటాకులో గోంగూర వేస్తుంటే ఆవిడ మొహం చూడలేక ఆకు వైపే చూస్తూ తిన్నాను.

అలా రెండు వారాలు దాటాయి. ఆబ్దికం ఇంకో అయిదు రోజులుందనగా అమ్మ చాటలో మినప్పప్పు పోసుకుని రాళ్ళు ఏరుతూ, "బలిఘట్టం వెళ్ళి సోమసుందరం గారికీ వాళ్ళ తమ్ముడికీ చెప్పి రా," అంది.

వాళ్ళిద్దరూ మా ఇంటి భోక్తలు. ఆబ్దికం నాడు నాన్నగారి పేరు మీద విస్తరి ముందు కూర్చుని తినవలసినవాళ్ళు వాళ్ళే. వాళ్ళు తినకపోతే ఆబ్దికం లేదు.

"అమ్మా, అక్కడ నేను చేప తిన్నాను," అన్నాను.

ఆవిడ చేతులు చాటలో ఆగిపోయాయి. "తెలిసా, తెలీకా?"

"తెలీకే. పదకొండు రోజులు. చెక్కలా ఉంటుంది. మన్మథరావు చెక్కే అన్నాడు."

"వాడు చెక్కంటే చెక్కా? నిన్ను బీయే ఎందుకు చదివించారురా?"

ఇంకో మాట మిగిలింది. దాన్ని చెప్పడమే కష్టమైంది. "రమణబాబు ముందే అన్నాడమ్మా, చేప వాసన వస్తోందని. ఆ మాట విన్నాను. అక్కడే ఎవరినైనా అడిగితే తెలిసేది. ఆకలి మీద ఉన్నాను, చారు బాగుంది. అందుకని అడగలేదు."

అమ్మ చాటలోంచి ఒక రాయి ఏరి పారేసింది. "చెప్పకపోతే నాకు తెలిసేది కాదుగా?"

"తెలిసేది కాదు."

"మరెందుకు చెప్పేవు?"

"వాళ్ళు నన్ను నమ్మి విస్తరి ముందు కూర్చుంటారు. మోసం చేసి పెట్టిన అన్నం నాన్నకెలా అందుతుంది?"

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నాకు చెప్పి లాభం లేదు. తినేది వాళ్ళు. వెళ్ళి వాళ్ళకి చెప్పు. రామంటే మటుకు, మీ నాన్నకి ఈ ఏడు లేనట్టే."

ఆ సాయంత్రమే బలిఘట్టం నడిచాను. సోమసుందరం గారు అరుగు మీద కూర్చుని జంధ్యం వడుకుతున్నారు. చెప్పిందంతా వింటున్నంతసేపూ ఆయన చేతిలో తకిలి ఆగలేదు. చివర్న, "ఆ చారు రుచిగా ఉందా?" అని అడిగారు.

"ఉందండి," అన్నాను.

"సరే, వెళ్ళిరా." వస్తామనలేదు, రామనలేదు. లోపల్నుంచి ఆయన తమ్ముడు "ఛీ, ఛీ" అనడం మాత్రం స్పష్టంగా వినిపించింది.

యాజులు గారికీ చెప్పాను. ఆయన నెత్తి కొట్టుకుని, మూడు రోజులు ఉపవాసం, రోజుకు వెయ్యి గాయత్రి చేయమన్నారు. "నేను మంత్రం చెప్పగలను గాని, వాళ్ళ నోట్లోకి ముద్ద పంపించలేను," అన్నారు.

దశమి నాడు తెల్లవారకముందే అమ్మ మడి కట్టుకుని వంట మొదలుపెట్టింది. గారెలు, కాకరకాయ కూర, అరటికాయ, పెసరపచ్చడి, పాయసం. నేను ఒంటిపొద్దు మీద, తడిబట్ట ఆరకుండానే వీధి వాకిట్లో నిలబడ్డాను. యాజులు గారు దర్భలు సర్దుకుని కూర్చున్నారు. భోక్తలు పదింటికి రావాలి. పదకొండయింది. పన్నెండయింది. సబ్ కలెక్టరు కచేరీ గంట వినిపించింది. యాజులు గారు ఎండ వైపు చూసి, "అపరాహ్ణం దాటితే పనికిరాదోయ్," అన్నారు. అమ్మ తలుపు చాటు నుంచి రెండుసార్లు తొంగి చూసింది.

నడిచి వస్తున్న ఇద్దరు మనుషులు వీధి మలుపులో కనిపించారు. ముందు సోమసుందరం గారు, నాలుగు అడుగుల వెనక మొహం మాడ్చుకుని ఆయన తమ్ముడు.

"ఆలస్యమైంది. వీణ్ణి బయల్దేరదీసేసరికి పొద్దెక్కింది," అన్నారు సోమసుందరం గారు అరుగు ఎక్కుతూ.

"నేను వచ్చింది మా అన్నయ్య మాట తీసెయ్యలేక," అన్నాడు తమ్ముడు.

సోమసుందరం గారు నా వైపు తిరిగారు. "మీ నాన్న ఇరవై ఏళ్ళు మా నాన్న ఆబ్దికానికి మా ఇంట భోక్తగా కూర్చున్నాడు. ఏడాది పొడుగునా నేను ఎక్కడెక్కడ ఏం తిన్నానో ఒక్కనాడూ అడగలేదు. నేను చెప్పనూ లేదు. నువ్వు చెప్పేవు. కాళ్ళకి నీళ్ళియ్యి, బేగి."

నేను వాళ్ళ కాళ్ళు కడిగాను. ఆకులు వేశాం. అమ్మ వడ్డించింది. తమ్ముడు మొదటి ముద్ద కలిపి కాసేపు చేతిలోనే ఉంచుకున్నాడు. తర్వాత నోట్లో పెట్టుకున్నాడు. రెండో ముద్దకు ఆలోచించలేదు. గారెల దగ్గరికి వచ్చేసరికి, "ఇంకో రెండు వెయ్యండమ్మా," అన్నాడు.

భోజనం చివర కర్త భోక్తలను అడగవలసిన మాట ఒకటుంది. మీకు తృప్తి కలిగిందా అని. కలిగిందని వాళ్ళ నోటితో అంటేనే పెద్దలకు అందినట్టు. యాజులు గారు నా వైపు చూశారు.

"తృప్తాః స్థ?" అన్నాను.

"తృప్తాః స్మః," అన్నారు అన్నదమ్ములిద్దరూ, ఒక్కసారే.

వాళ్ళు తాంబూలం పుచ్చుకుని వెళ్ళేసరికి మూడు దాటింది. యాజులు గారు కూడా వెళ్ళిపోయారు. ఇంట్లో అమ్మా నేనూ మిగిలాం. ఆవిడ వంటింటి గడప మీద కూలబడి, గోడకు తల ఆనించి, కళ్ళు మూసుకుంది. నాన్నగారు పోయినప్పటి నుంచీ ఆవిడ అలా చేరగిలబడి కూర్చోవడం నేను చూడలేదు.

కాసేపటికి లేచి రెండు ఆకులు పరిచింది.

"రారా, తిందాం. ప్రాణం పోతోంది ఆకలికి," అంది.