గవర్నరుగారి పాలరాతి బల్ల

మా ఆవిడ బాలత్రిపురసుందరికి ఏ వస్తువునైనా చూడగానే దాని పుట్టుపూర్వోత్తరాలు తెలిసిపోతాయని ఒక నమ్మకం. పద్దెనిమిదేళ్ళ క్రితం కెనడాలోని ఎడ్మంటన్‌లో మేం ఈ ఇల్లు కొన్న వేసవిలో, వీధి చివర ముసలి దంపతులు కాండో ఫ్లాటుకి మారిపోతూ, ఇంటి ముందే పాత సామాను అమ్మే గరాజ్ సేల్ పెట్టారు. పాత సైకిళ్ళ వెనక ఓ బల్ల కనిపించింది. ఓక్ చెక్క కాళ్ళు, పైన తెల్లటి పాలరాతి పలక. పలక చుట్టూ వేలు పట్టేంత గాడి, అది ఓ మూల చిన్న గిన్నెలాంటి గుంటలో కలుస్తుంది. సుందరి దాన్ని తడిమి చూసి, ఇది అభిషేకానికి చేయించిన బల్లే అని తేల్చేసింది. ఈ దేశంలో అభిషేకానికి బల్లలు ఎవరు చేయిస్తారు అని నేను నవ్వాను. చేసినవాడికి తెలియకపోవచ్చు, చేయించుకున్నవాడికి తెలుసు అంది. నలుగురం మోస్తే గానీ అది ఇల్లు చేరలేదు.

అప్పటి నుంచీ ప్రతి సోమవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి స్నానం చేసి, ఆ రాతి మీద చిన్న శివలింగాన్ని పెట్టి అభిషేకం చేస్తుంది. నీళ్ళూ పాలూ గాడి వెంబడి నడిచి గుంటలో చేరతాయి. తీర్థం అందులోంచే. పక్క వీధి రత్నకుమారి గారు ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి. మోకాలి లోతు మంచు పడినా ఆ తీర్థం కోసం వచ్చేవారు. ఇంకో మూడు నాలుగు ఇళ్ళవాళ్ళు కూడా వస్తుండేవారు. నేను ఆయిల్ పైప్‌లైన్ల ఇంజనీరుని. వాలు భేషుగ్గా కుదిరింది, మీ స్వామికి లీకేజీ బాధ లేదు అని ఏడిపించేవాణ్ణి. సుందరి నా మాటల్ని చెవిన వేసుకునేది కాదు.

ఈ మార్చిలో ఓ శనివారం పొద్దున్న డారియా అనే ఆవిడ మా తలుపు తట్టింది. సుందరి సరుకులకి వెళ్ళింది. ఊళ్ళో నది ఒడ్డున పాత గవర్నరు బంగళా ఉంది. ఇంగ్లండు రాజుగారి పేరు మీద వచ్చిన గవర్నర్లు అందులో పాతికేళ్ళు కాపురం ఉన్నారు. తరవాత ప్రభుత్వం దాన్ని మూసేసి, రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో సామానంతా వేలం వేసింది. కుర్చీలు రైతుల ఇళ్ళకి, అద్దాలు హోటళ్ళకి చెల్లాచెదురయ్యాయి. ఇప్పుడు కొందరు కలిసి భోజనాల గదినైనా మళ్ళీ అప్పటిలా అమర్చాలనుకున్నారు. డారియా పని ఆ సామాను ఎక్కడెక్కడుందో వెతకడం. మాకు బల్ల అమ్మిన ముసలాయన కొడుకు మా అడ్రసు ఇచ్చాడట.

ఆవిడ నేల మీద పడుకుని బల్ల కింద టార్చి వేసి చూసింది. చెక్క మీద కిరీటం ముద్ర కనబడగానే కళ్ళు చెమర్చాయి. ఆ బంగళా సంగతులు ముచ్చటగా చెప్పింది. తివాచీల నుంచి చెంచాల దాకా ఓడల్లో, రైళ్ళలో తెప్పించారట. కిటికీ అవతల మంచూ మైదానమూ తప్ప ఏమీ లేని చోట, భోజనానికి వచ్చినవాళ్ళు లండన్‌లో కూర్చున్నామనుకోవాలట. వింటూ మా హాలు వంక చూశాను. సూట్‌కేసుల్లో మోసుకొచ్చిన కొండపల్లి బొమ్మలు, మూరెడు ఎత్తు ఇత్తడి కుందులు, వేంకటేశ్వరస్వామి పటం. గవర్నరు కూడా మాలాంటి వలసవాడే అనిపించి జాలేసింది.

ఆ తరవాత ఆవిడ ఫోన్‌లో ఓ పాత ఫొటో చూపించింది. భోజనాల గది, పొడుగాటి మేజా, గోడవారన మా బల్ల. దాని మీద కాల్చిన పెద్ద తొడమాంసం ముక్క, పక్కన తెల్లకోటు మనిషి కత్తితో. గాడి ఎందుకో కూడా ఆవిడే చెప్పింది. కోస్తున్నప్పుడు కారే రసం, కొవ్వు గాడిలోంచి గుంటలోకి దిగితే, వడ్డించేవాడు గరిటెతో తీసి పళ్ళేల్లో పోసేవాడట.

మా ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రాదు. ఈ సంగతి తెలిస్తే సుందరి ఏమైపోతుంది? పద్దెనిమిదేళ్ళ సోమవారాలు ఒక్క ఫొటోతో మైలపడిపోతాయి. ఆవిడ పూజల మీద నాకు నమ్మకం లేదు గానీ, అవి కూలిపోతే చూడగలిగే గుండె కూడా లేదు. ఇది మాంసం బల్ల అని మా ఆవిడతో చెప్పకండి అని డారియాని బతిమాలాను. వస్తువేమిటో చెప్పడమే తన ఉద్యోగమనీ, అడక్కపోతే చెప్పననీ, అడిగితే అబద్ధం ఆడలేననీ అంది.

కనుక అబద్ధం నేనే ఆడాను. డారియా వెళ్ళాక సుందరి ఇంటికి రాగానే, గవర్నరుగారి ఇంట్లో పూలకుండీలు పెట్టే బల్లట, పోసిన నీళ్ళు జారిపోవడానికే ఆ గాడి అని చెప్పాను. సుందరి మొహం వెలిగిపోయింది. నేను చెప్పలా, అది నీళ్ళ కోసమేనని అంటూ రత్నకుమారి గారికి ఫోన్ చేసింది. పూలూ నీళ్ళూ తప్ప ఎరగని రాయట అని గొప్పగా చెబుతుంటే, పక్క గదిలో నేను పేపరు తలకిందులుగా పట్టుకుని కూర్చున్నాను.

మర్నాటి నుంచి బంగళాలో ఆ బల్ల ఉండిన గదిని చూడాలని పట్టు పట్టింది. రోడ్లు బాలేవన్నాను. మోకాలు నొప్పన్నాను. అయితే బస్సులో వెళతానంది. ఇక లాభం లేక పై ఆదివారం నేనే డ్రైవ్ చేశాను.

బంగళా భోజనాల గదిలో ఏడు కుర్చీలు, ఓ అద్దాల బీరువా తిరిగొచ్చి ఉన్నాయి. గోడ నిండా అదే ఫొటో, మనిషెత్తున. సుందరి తిన్నగా దాని ముందుకి వెళ్ళింది. చాలాసేపు చూసింది. ఈ బల్ల దేనికి వాడేవారు అని అక్కడే ఉన్న డారియాని అడిగింది. డారియా నా వంక ఒకసారి చూసి, ఉన్నదున్నట్టు చెప్పింది. సుందరి థాంక్స్ చెప్పి, మిగతా కుర్చీల గురించి కూడా అడిగి తెలుసుకుని, కోటు వేసుకుంది.

ఇంటికి రాగానే ఫోన్ తీసింది. రత్నకుమారి గారితో మొదలుపెట్టి తీర్థం పుచ్చుకున్న ఒక్కొక్కరికీ చేసి, మాంసం కోసిన బల్లట, నాకు ఇవాళే తెలిసింది, మీకు తెలియాలి కనుక చెబుతున్నాను అంది. సాగతీయలేదు, ఏడవలేదు.

గుళ్ళో పూజారి గారిని అడుగుదామన్నాను. "అడగడానికేముందండీ? రాయి. కడిగితే పోతుంది" అంది.

సోమవారం పాలరాతిని పసుపు నీళ్ళతో కడిగి, ఎప్పటిలాగే శివలింగాన్ని పెట్టింది. నీళ్ళు ఎప్పటిలాగే నడిచాయి. ఒక్క రత్నకుమారి గారే వచ్చారు. పువ్వు కళ్ళకద్దుకుని, తీర్థం మాత్రం వద్దన్నట్టు చేతులు జోడించారు. సుందరి నొచ్చుకోలేదు, గుమ్మం దాకా వెళ్ళి సాగనంపింది. ఆ సాయంత్రమే డారియా ఫోన్ చేసి, మరి బల్ల మాకు ఇస్తారా అని మొహమాటంగా అడిగింది. స్వామి దాని మీద ఇంకా కూర్చునే ఉన్నారు, లేస్తే కబురు చేస్తాను అని సుందరి ఇంగ్లీషులో నవ్వుతూనే చెప్పింది.

ఇంత తేలిగ్గా తీసుకుంటుందని తెలిస్తే అబద్ధమే ఆడకపోదునని అనిపించి నాకు ప్రాణం లేచొచ్చింది. వంటింట్లో పక్కన నిలబడి, పోనీలే, కోపం లేదు కదా అన్నాను.

"ఉంది" అంది, ఉద్ధరిణి తుడుస్తూ. "మాంసం సంగతికి కాదు. ఇన్నేళ్ళూ నా పూజని వెక్కిరించారు. ఏనాడూ నొచ్చుకోలేదు. గట్టిగా ఉన్నదాన్నే కదా ఎవరైనా తంతారు అనుకునేదాన్ని. ఇప్పుడు ఆ పూజ మీద జాలిపడ్డారు. ఒక్క ఫొటోకి పడిపోతానని మీరే లోపల లోపల తీర్మానించేశారు. నా గురించి మీరనుకున్నది ఇదా?"

కాదు అనబోయాను. ముప్పైనాలుగేళ్ళ కాపురంలో ఆవిడ నన్ను చాలానే తిట్టింది. ఇది తిట్టు కూడా కాదు. ఆ రాత్రంతా అదే తగులుతూ ఉండిపోయింది.