పాత సరుకు ముందు

గుణుపురంలో తిరుపతిరావు కిరాణా కొట్టు వెనకే ఇల్లు. దాన్ని ఇల్లనడం కోడలు గౌరీశ్వరి మంచితనం. నడవ నిండా కప్పుదాకా ఖాళీ గోనెలు. మిరపకాయలవి, పసుపువి, బెల్లానివి. ఇరవై ఏళ్లుగా ఒక్కటీ గడప దాటలేదు. వాటి వెనక రేకు డబ్బాలు, పాత పేపర్లు, వాడగా మిగిలిన మందులు. ఎలుకలు మాత్రం హాయిగా కాపురం చేసుకుంటున్నాయి. ఊపిరాడనిది ఆమె కూతురు, ఆరేళ్ల సోనికే. పిల్లకి ఉబ్బసం.

ఆ దుమ్ము ఉన్నంతకాలం పిల్లకి తగ్గదని డాక్టరు చెప్పి ఏడాదయింది. "గోనికీ దగ్గుకీ ఏటి సమ్మందం?" అని మామగారు కొట్టిపారేశాడు. ఆయన్ని చూస్తేనే గౌరీశ్వరికి ఒళ్లు మండేది.

ఆ మధ్యాహ్నం సోనికి ఆయాసం ముంచుకొచ్చింది. భర్త ధనుంజయ సరుకు కోసం రాయగడ వెళ్లాడు. గౌరీశ్వరి గూట్లోంచి ఇన్‌హేలర్ తీసి పిల్ల నోట పెట్టి నొక్కింది. ఏమీ రాలేదు. తిప్పి చూస్తే, గడువు నిరుడే తీరిపోయింది. మొన్న తను కొన్నది ఇది కాదు!

"మావయ్యా, కొత్త ఇన్‌హేలర్ ఏదండీ?"

తిరుపతిరావు కాటా దగ్గర్నుంచి కదల్లేదు. "ఎనక దాసేనమ్మీ, మందుల డబ్బాలో. పాత సరుకు ముందు ఎల్లాల, కొత్తది తరవాత. మన కొట్లో అదే పద్దతి."

వెనక అంటే గోనెల వెనక. సోని పెదాలు నల్లబడుతున్నాయి. పిల్లను గాలి తగిలేలా వీధి అరుగు మీద కూర్చోబెట్టి, గౌరీశ్వరి కట్టలకు కట్టలు లాగి పెరట్లోకి విసిరింది. డబ్బా దొరికింది. ముందు వరసలో నాలుగు పాతవి. అన్నిటికన్నా అడుగున, అట్టపెట్టె కూడా విప్పని కొత్తది.

అది నోట పెట్టి నొక్కితే, కాసేపటికి సోని ఊపిరి అందుకుంది. గౌరీశ్వరి ఏడ్చేసింది.

పెరట్లోంచి మామగారి గొంతు వినిపించింది. "రెండు గోనెలు సిరిగిపోనాయే అమ్మీ!" పిల్లెలా ఉందని అడగలేదు. వంగి గోనెలు ఏరుకుంటున్నాడు.

గౌరీశ్వరి వెళ్లి పెరటి తలుపు మూసి గడియ పెట్టింది.

"తలుపు తియ్యి! ఇయ్యి లోపలెట్టాల."

పెళ్లయి ఎనిమిదేళ్లలో మొదటిసారి ఆమె ఆయన్ని నువ్వు అంది. "పాత సరుకు ముందు ఎల్లాలన్నావు గదా. ఎల్లింది. దాంతోటే ఉండు."

సోనిని ఎత్తుకుని ఆసుపత్రికి ఆటో ఎక్కింది. వెనక తలుపు బాదుతూనే ఉన్నాడు.