డ్రైవింగ్ మాస్టారి వాల్ట్జ్

ముప్పై నాలుగేళ్లు డ్రైవింగ్ నేర్పి రిటైరయ్యాక మాస్టారికి పని లేకుండా పోయింది గాని, నోటికి మాత్రం విశ్రాంతి దొరకలేదు. కూతురు కూర కలుపుతుంటే "గరిటె అంత స్పీడుగా తిప్పకు" అనేవాడు. అల్లుడు చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే "కాలరు దగ్గర మలుపుంది, స్లో చెయ్యి" అనేవాడు. నెల తిరక్కుండానే కూతురికి ఓపిక అయిపోయింది.

"నాన్నా, మా ఆసుపత్రిలో ఫిజియోథెరపీ అమ్మాయి గురువారం గురువారం వీల్‌చెయిర్ డాన్స్ క్లాసు పెడుతోంది. కుర్చీలో కూర్చుని చేసేవాళ్లున్నారట, జోడీగా నిలబడి చేసేవాళ్లే దొరకట్లేదట. నువ్వెళ్లు."

"నాకు డాన్సేంటే? పెళ్లి ఫోటోలోనే కరెంటు స్తంభంలా ఉంటాను."

"చక్రాలున్న వాటితో నీకున్నంత అనుభవం ఎవరికుంది? వెళ్లు నాన్నా. లేకపోతే నేనే ఎక్కడికైనా వెళ్లిపోయేట్టున్నాను."

అలా బయల్దేరాడు మాస్టారు. బాస్కెట్‌బాల్ గీతలున్న పెద్ద హాలు, గోడవారగా ఒకదాని మీద ఒకటి పేర్చిన ప్లాస్టిక్ కుర్చీలు, మూల స్టూలు మీద స్పీకరు. ఫిజియో అమ్మాయి ఆయన్ని ఒక ఎర్ర వీల్‌చెయిర్ దగ్గరికి తీసుకెళ్లింది. అందులో ఉన్నావిడ టైలరు. యాభై దాటిన మనిషి. మార్కెట్టు పక్కన సొంత కొట్టుంది. చిన్నప్పుడే కాళ్లు పడిపోయాయి. నోరు మాత్రం పరుగులు పెడుతుంది.

మూడు లెక్కలకో అడుగు తిరిగే వాల్ట్జ్ పాట మొదలైంది. సాయం చెయ్యడానికే కదా వచ్చాను అనుకుని మాస్టారు గబగబా వెనక్కి వెళ్లి, హ్యాండిళ్లు పట్టుకుని కుర్చీ తోశాడు. ఆవిడ టక్కున బ్రేకు వేసింది. మాస్టారి పొట్ట వెళ్లి కుర్చీ వీపుకి కొట్టుకుంది.

"మాస్టారూ, మీ భుజాలు పట్టుకుని నేనెప్పుడైనా గోడవైపు నెట్టానా?"

"లేదమ్మా."

"మరి నన్నెందుకు నెడుతున్నారు? చక్రాలు నావి, తిప్పుకునే చేతులూ నావే. మీరు ముందుకొచ్చి నా చెయ్యి పట్టుకోండి. వచ్చింది డాన్సుకి, సామాను మొయ్యడానికి కాదు."

మాస్టారి మొహం కందిపోయింది. ముందుకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు గాని కథ బాగుపడలేదు. ఆవిడ ఒక చేత్తో చక్రం తిప్పుతూ, నడుం వంచి మలుపు తీసుకుంటే, ఈయన రెండో చేతిని స్టీరింగులా గుంజేవాడు. కుర్చీ కాస్త జోరందుకుంటే చాలు, కుడికాలు దానంతటదే నేలని గట్టిగా తొక్కేది.

"అక్కడేం లేదు మాస్టారూ" అంది టైలరమ్మ. "ఎంత తొక్కినా నేనాగను."

హాలంతా నవ్వింది. మాస్టారూ నవ్వాడు గాని, ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే "నావల్ల కాదు" అనేశాడు. రాత్రి భోజనాల దగ్గర కూతురు మొగుడి వైపు తిరిగి, "ఒక్క క్లాసుకే తోక ముడిచిన స్టూడెంట్లని మా నాన్న ఏమని తిట్టేవాడో తెలుసా?" అంది. మాస్టారు తల వంచుకుని అన్నం తిన్నాడు.

మర్నాడు, మూడు నెలల్లో క్లాసువాళ్లంతా ఇవ్వబోయే ప్రదర్శనకి కొత్త ప్యాంటు కుట్టించుకోవాలన్న వంకతో ఆవిడ కొట్టుకి వెళ్లాడు. చేత్తో నడిచే మిషను ముందు ఆవిడ పొడవాటి కర్టెను కుడుతోంది. బట్ట బరువుకి జారిపోతోంది.

"ఊరికే నిలబడకపోతే ఆ కొస పట్టుకోండి" అంది.

పట్టుకున్నాడు. వెంటనే లాగాడు.

"లాగితే కుట్టు వంకర పోతుంది. వదిలేస్తే జారిపోతుంది. బరువు మీరు మొయ్యండి, దారి మిషను చూసుకుంటుంది."

పావుగంట అలా నిలబడ్డాడు. బట్ట తన వేళ్ల మధ్య నుంచి మెల్లగా సాగిపోతోంది. ఎప్పుడు కదలబోతోందో చేతికి ముందే తెలుస్తోంది. మాస్టారి భుజాలు ఎన్నేళ్లకో కిందికి దిగాయి.

"గురువారం మీ చెయ్యి కూడా ఇలాగే పట్టుకోనా అమ్మా?"

"ఇప్పటికి వచ్చారు దారికి" అని ఆవిడ టేపు తీసింది. కొలతలయ్యాక మళ్లీ గొడవే. మాస్టారికి పాదాల దగ్గర గంటలా వెడల్పైన ప్యాంటు కావాలి. "చక్రంలో పడుతుంది" అంది ఆవిడ. "డాన్సన్నాక గాల్లో ఎగరాలి కదమ్మా!" అన్నాడాయన. డబ్బిచ్చేది ఆయన కాబట్టి ఆయన మాటే నెగ్గింది.

మూడు నెలలు గడిచాయి. ప్రదర్శన రోజు టౌన్‌హాలు నిండిపోయింది. మాస్టారి కూతురూ అల్లుడూ ముందు వరసలో కూర్చున్నారు. ఆరు జంటలు స్టేజీ మీదికొచ్చాయి. ఒకటి, రెండు, మూడు. ఒకటి, రెండు, మూడు. ఎర్ర కుర్చీ నీళ్లమీది పడవలా సాగుతోంది. మాస్టారి చెయ్యి దానికి ఆసరాగా మాత్రమే ఉంది. ముందు వరసలో కూతురు నోరు తెరుచుకుని చూస్తోంది.

సగం పాటలో పెద్ద మలుపొచ్చింది. ప్యాంటు కొస ముందు చిన్న చక్రంలో చుట్టుకుపోయింది. మాస్టారి కుడికాలు కుర్చీకి అతుక్కుపోయింది. గట్టిగా గుంజితే కుర్చీ పక్కకి ఒరుగుతుంది, చుట్టూ ఐదు జంటలు తిరుగుతున్నాయి.

ఆయన గుంజలేదు. వంగి, "ఏం చెయ్యమంటారమ్మా?" అన్నాడు.

"వెనక్కి తిరుగుతూ విప్పుతాను. ఒంటికాలి మీద గెంతుతూ నాతో వచ్చెయ్యండి. నవ్వడం మానకండి."

ఆవిడ చక్రాన్ని వెనక్కి తిప్పింది. మాస్టారు గెంతాడు. ఒక చుట్టు, రెండు చుట్లు. జనం ఇదేదో కొత్త విన్యాసం అనుకుని చప్పట్లు మొదలెట్టారు. మూడో చుట్టులో పర్రుమంటూ ప్యాంటు మోకాలిదాకా చిరిగింది, కాలు విడివడింది. ఆ చిరుగు జెండాలా ఎగురుతుండగా మాస్టారు పాట పూర్తయ్యేదాకా డాన్స్ చేశాడు. హాలంతా లేచి నిలబడింది.

తెర వెనక ఆయన నడుముకి ఒక కర్టెను చుట్టుకుని కూర్చున్నాడు. ఒళ్లో ప్యాంటు పెట్టుకుని టైలరమ్మ సూది ఆడిస్తోంది.

"చెప్తే విన్నారా?"

"ప్యాంటు విషయంలో వినలేదమ్మా. తప్పే."

"స్టేజీ మీద విన్నారుగా. అది చాల్లెండి."

ఇంతలో ఫిజియో అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. కళ్లు మెరుస్తున్నాయి. "ఆ వెనక చుట్టు ఎంత బాగుందో! నాకు చెప్పకుండా ఎప్పుడు ప్రాక్టీసు చేశారు? వచ్చే గురువారం అందరికీ నేర్పాలి మీరు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మాస్టారు నేర్పుతారు" అంది టైలరమ్మ.

"నాదేముంది, దారంతా ఆవిడదే" అన్నాడు మాస్టారు.

ఆ వాదన తేలకముందే కూతురు వచ్చి తండ్రిని గట్టిగా వాటేసుకుంది. నవ్వాపుకోలేక, "నాన్నా, గురువారానికి జోడీలు ఇంకా కావాలా? నేనూ వస్తాను" అంది.